బాలింతల్లో రక్తపు గడ్డలు: నర్సులకు ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి?

ప్రసూతి వార్డు సిస్టర్, యలహంక

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డులో ఇన్‌ఛార్జి సిస్టర్‌గా పనిచేస్తున్నాను. మాది అనంతపురం వైపు. కాన్పు తరువాత తల్లుల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా చూసుకోవడం గురించి మా వార్డులోని ఇరవై ఇద్దరు స్టాఫ్ నర్సులకు శిక్షణ ఇచ్చే పనిని మా నర్సింగ్ సూపరింటెండెంట్ గారు నాకు అప్పగించారు. ఒక మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించి, హాజరు పట్టీలో సంతకాలు పెట్టించుకుంటే కాగితం మీద ఆ పని అయిపోతుంది. అలా అయిపోవడం నాకు ఇష్టం లేదు.

ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కిందట నేను వేరే ఆసుపత్రిలో ఉన్నప్పుడు, సిజేరియన్ అయిన మూడో రోజున ఒక తల్లి బాత్‌రూమ్‌కు వెళ్లి వస్తూ తలుపు దగ్గరే కుప్పకూలింది. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడిందని స్కాన్‌లో తేలింది. ఐసీయూలో పదకొండు రోజులు ఉండి బతికి బయటపడింది. ఆ తరువాత ఆమె కేస్‌షీటును నేను మొదటి నుంచి చదివాను. నాడి మొదటి రోజు 88, రెండో రోజు 104, మూడో రోజు ఉదయం 116 అని ఎవరి షిఫ్టులో వారు సరిగ్గానే రాశారు. శ్వాస దగ్గర మాత్రం మూడు రోజులూ, ప్రతి షిఫ్టులోనూ 20 అనే ఉంది. నాడి అంత పెరిగిన మనిషికి శ్వాస ఒక్కటీ కదలకుండా ఉండదు, ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. ఆ గడుల్లో రెండు చోట్ల ఉన్న సంతకం నాది.

గడ్డకట్టే ప్రమాదం ఎవరికి ఎక్కువో అంచనా వేసే పనిని నర్సు చేతిలో పెట్టవచ్చా, పెడితే ఎప్పుడెప్పుడు చేయించాలి? మూడు షిఫ్టుల్లో తిరిగే మనుషులకు ఎలా నేర్పితే ఆరు నెలల తరువాత కూడా నిలుస్తుంది? మా నర్సుల్లో సగం మంది కేరళ నుంచి వచ్చినవాళ్లు, మిగిలినవాళ్లలో కన్నడిగులు ఎక్కువ, తెలుగువాళ్లం ఐదుగురమే. వచ్చే తల్లుల్లో మాత్రం అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు మేము చెప్పే జాగ్రత్తలు వాళ్లకు ఎంతవరకు అందుతున్నాయో నాకు అనుమానంగానే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

డాక్టరమ్మ, కె.ఆర్. పురం

సిస్టర్ గారూ, ఇరవై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. మొదట కారణం నేర్పండి. కారణం తెలిసిన నర్సుకు నియమాలను బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

రక్తప్రవాహం మందగించడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం అనే మూడింటినీ జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు మీద పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఆయన పుట్టినరోజైన అక్టోబరు 13నే 2014 నుంచి ప్రపంచ థ్రాంబోసిస్ (రక్తనాళాల్లో గడ్డకట్టడం) దినంగా జరుపుతున్నారు. బాలింతలో ఈ మూడూ ఒకేసారి కలిసివస్తాయి. కాన్పులో రక్తం పోయి తల్లి ప్రాణం మీదికి రాకుండా శరీరం ముందుగానే చేసుకునే ఏర్పాటు వల్ల నెలలు నిండేసరికి రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ దాదాపు రెట్టింపవుతుంది, గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రోటీన్ ఎస్ తగ్గుతుంది. పెరిగిన గర్భసంచి కటిలోని సిరలను అదమడం వల్ల కాళ్ల నుంచి పైకి రావలసిన రక్తం మెల్లబడుతుంది. కాన్పులో, ముఖ్యంగా ఆపరేషన్‌లో, అక్కడి నాళాలకు ఎంతో కొంత దెబ్బ తగులుతుంది. గర్భిణుల కాళ్లలో కట్టే గడ్డల్లో పదింట ఎనిమిదికి పైగా ఎడమ కాలిలోనే కడతాయి. ఎడమ కాలి రక్తాన్ని తెచ్చే పెద్ద సిర మీదుగా కుడి కాలికి వెళ్లే ధమని దాటుతూ, ఆ సిరను వెన్నెముకకు అదిమిపెట్టడమే దానికి కారణం. ఈ ఒక్క బొమ్మను బోర్డు మీద మీ చేత్తో గీసి చూపించండి. ఎడమ కాలు బరువుగా ఉందని ఒక తల్లి చెప్పినప్పుడు ఆ బొమ్మ వాళ్లకు గుర్తుకు రావాలి.

రెండవది, ఎప్పుడు వస్తుందన్నది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో వెయ్యి మంది గర్భవతుల్లో ఒకరిద్దరికి ఈ జబ్బు వస్తుంది. అంకె చిన్నదే కానీ, తల్లుల మరణాలను ఒక్కొక్కటిగా విచారించే బ్రిటన్ నివేదికల్లో గర్భం, కాన్పు నేరుగా కారణమైన మరణాల్లో గడ్డలే ఏళ్ల తరబడి ముందు వరుసలో ఉన్నాయి. ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది కాన్పు తరువాతి మొదటి మూడు వారాల్లో. ఆరు వారాల దాకా గట్టిగానే ఉంటుంది, 12 వారాల దాకా కొంత మిగిలే ఉంటుంది. మన తల్లులు ఆసుపత్రిలో ఉండేదేమో మూడు నుంచి ఐదు రోజులు. ఆపదలో పెద్ద భాగం మన కళ్లెదుట కాకుండా పుట్టింటి మంచం మీద గడుస్తుందన్నమాట.

మన ప్రాంతానికి ఇది ఎందుకు ముఖ్యమో కూడా వాళ్లకు చెప్పండి. మామూలు కాన్పుతో పోలిస్తే సిజేరియన్ తరువాత ఈ ప్రమాదం సుమారు నాలుగు రెట్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం కాగా కర్ణాటకలో 31.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. మీ వార్డు ఏ వారం చూసినా సగం మంచాలు ఆపరేషన్ అయినవారితోనే నిండి ఉంటాయని నేను చూడకుండానే చెప్పగలను.

ఇక అంచనా సంగతి. బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015లో ఇచ్చిన 37ఎ మార్గదర్శకంలో మార్కుల పద్ధతి ఉంది. వయసు 35 దాటితే 1, ఎత్తుకు బరువు ఎంతో చెప్పే బీఎంఐ 30కి చేరితే 1, 40కి చేరితే 2, ముందే నిర్ణయించిన సిజేరియన్‌కు 1, నొప్పులు మొదలైన తరువాత చేసిన సిజేరియన్‌కు 2, లీటరు మించి రక్తం పోయినా, రక్తం ఎక్కించినా 1, బీపీ జబ్బు అయిన ప్రీఎక్లాంప్సియాకు 1, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే 1, ఒంట్లో నీరు తగ్గినా, కదలకుండా మంచానికే పరిమితమైనా 1. కాన్పు తరువాత మొత్తం 2కు చేరితే కనీసం 10 రోజులు, గతంలో గడ్డ వచ్చినవారికైతే 6 వారాలు గడ్డకట్టనివ్వని హెపారిన్ జాతి ఇంజెక్షన్ ఇవ్వాలన్నది ఆ పద్ధతి. ఈ కూడికను నర్సు నిస్సందేహంగా చేయగలదు. అయితే అది అడ్మిషన్ కాగితం మీద ఒక్కసారి చేసి మడిచిపెట్టేది కాదు. ఉదయం సున్నాతో చేరిన అమ్మాయికి సాయంత్రం అత్యవసర సిజేరియన్ అయి, లీటరు రక్తం పోతే రాత్రికల్లా ఆమె మార్కులు 3. కాన్పు అయిన ఆరు గంటల లోపల ఒకసారి, పరిస్థితి మారినప్పుడల్లా ఒకసారి, ఇంటికి పంపే ముందు మరొకసారి తిరిగి కూడటమే శిక్షణలో అసలు పాఠం కావాలి.

రాత్రి షిఫ్టు, వైట్‌ఫీల్డ్

డాక్టరమ్మ గారు రాసినదంతా నిజమే అయినా ఒక స్టాఫ్ నర్సుగా నా వైపు మాట కూడా చెప్పాలి. రాత్రిపూట పద్నాలుగు మంది తల్లులకు, పద్నాలుగు మంది పసిబిడ్డలకు ఇద్దరం ఉంటాం. ఒక బిడ్డ పాలు పట్టడం లేదని పిలుస్తారు, ఒక చోట సెలైన్ ఆగిపోతుంది, ఇంకొకరిని థియేటర్ నుంచి తీసుకువస్తారు. ఆ మధ్యలో నేను మార్కులు కూడి 3 అని రాశాననుకోండి. తెల్లవారి రౌండ్సులో పెద్ద డాక్టర్ గారు ఆ కాగితం తిప్పి చూడకపోతే ఆ అంకె అక్కడే ఉండిపోతుంది. ఒకసారి నేను ఫోన్ చేసి చెబితే, పొద్దున చూద్దామని సమాధానం వచ్చింది. తప్పు ఆయనదని నేను అనడం లేదు, ఆయన కూడా ఆ రోజు మూడో ఆపరేషన్‌లో ఉన్నారు. కానీ కూడిన అంకెతో ఏం చేయాలో ముందే నిర్ణయించి పెట్టకుండా కూడటం మాత్రమే నేర్పితే, మాకు మరొక కాగితం పెరిగినట్టే.

డాక్టరమ్మ, కె.ఆర్. పురం

ఈ అమ్మాయి చెప్పింది అక్షరాలా సరైనది, నేను దాన్ని ముందే రాసి ఉండవలసింది. మా దగ్గర మేము వైద్యులందరం సంతకాలు చేసి ఒక స్థిరమైన ఆదేశం పెట్టుకున్నాం. మార్కులు 2కు చేరి, రక్తస్రావం లేకుండా, ప్లేట్‌లెట్లు, మూత్రపిండాలు బాగున్న తల్లికి మొదటి డోసు ఏ సమయానికి ఇవ్వాలో నర్సే లెక్కకట్టి మందు సిద్ధం చేసి డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేస్తుంది. ఆ డాక్టర్ ఇవ్వమనాలి, లేదా ఎందుకు వద్దో కేస్‌షీటులో రాయాలి. ఏమీ చెప్పకుండా వదిలేసే వీలు లేదు. శిక్షణలో మొదటి అరగంట మాతోనే కూర్చోబెట్టండి. వైద్యులు లేని గదిలో నర్సులకు ఇచ్చిన శిక్షణ వార్డు గుమ్మం దాటదు.

ప్రసూతి వైద్యుడు, రాజాజీనగర్

ఒక హెచ్చరిక. మన దేశంలో తల్లుల ప్రాణాలు ఎక్కువగా తీసేది ఇప్పటికీ రక్తస్రావమే. ఇంగ్లండు మార్కుల పట్టీని యథాతథంగా తెచ్చి పెడితే ప్రతి అత్యవసర సిజేరియన్ తల్లికీ ఇంజెక్షన్ పడుతుంది. అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ దారి వేరు. సిజేరియన్‌కు వెళ్లే ప్రతి తల్లికీ ముందుగానే కాళ్లకు గాలితో బిగిసి వదిలే పంపు తొడుగులు వేసి, మందును ప్రమాదం ఎక్కువ ఉన్నవారికే ఉంచుతారు. మన దేశ ప్రసూతి వైద్యుల సంఘాల సమాఖ్య ఫాగ్సీ కూడా సలహాలు ఇచ్చింది. ఏ పట్టీ వాడాలన్నది మీ ఆసుపత్రి వైద్యులు తేల్చుకోవాలి. అయితే నర్సుకు మాత్రం, ఎప్పుడు ఇవ్వాలన్న దానికన్నా ఎప్పుడు ఆపి డాక్టర్‌ను పిలవాలన్నది ముందు నేర్పండి. ప్యాడ్ గంటలోనే తడిసిపోతున్నా, కుట్టు దగ్గర కట్టు ఎర్రబడుతున్నా, ప్లేట్‌లెట్లు 75 వేల కన్నా తక్కువ ఉన్నా సిరంజి పక్కన పెట్టి ఫోన్ అందుకోవాలి. అలాంటి తల్లికి రక్తస్రావం ఆగేదాకా పంపు తొడుగులు, నడక, నీళ్లే ఆధారం.

మత్తు డాక్టర్, జయనగర్

వెన్నులో మత్తు ఇచ్చిన తల్లుల విషయంలో సమయం ప్రాణసమానం. ఎపిడ్యూరల్ గొట్టం తీసిన నాలుగు గంటల లోపల నివారణ డోసు ఇవ్వకూడదు. ఇంజెక్షన్ పడిన తరువాత 12 గంటలు గడవనిదే గొట్టం తీయకూడదు. పొరపాటు జరిగితే వెన్నుపాము చుట్టూ రక్తం చేరి కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. అందువల్ల గొట్టం తీసిన సమయాన్ని థియేటర్ కాగితం మీద కాకుండా వార్డులోని మందుల చార్టు మీదే పెద్ద అక్షరాలతో రాయించండి. మత్తు దిగవలసిన వేళకు దిగకపోయినా, దిగిన కాళ్లు మళ్లీ బరువెక్కినా నన్ను నిద్రలేపి పిలిపించాలని మా నర్సులకు ప్రతి బ్యాచ్‌లోనూ చెబుతాను.

ఇంకొక సంగతి ఈ చర్చలో ఇంతవరకు రాలేదు. గడ్డ కాలిలోనే కట్టాలని లేదు. బాలింతల్లో మెదడు సిరల్లో కట్టే గడ్డలు మన దేశంలో తక్కువేమీ కావు. మన ఊళ్లోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్ వైద్యులు దశాబ్దాలుగా వాటిని అధ్యయనం చేస్తూ వచ్చారు. సిజేరియన్ తల్లి తలనొప్పి అనగానే అది వెన్నులో సూది వల్ల వచ్చిందేలే అని మాత్ర ఇచ్చి పంపేస్తారు. సూది వల్ల వచ్చే నొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, వెల్లకిలా పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గని నొప్పి, దగ్గినా ముక్కినా పెరిగే నొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఫిట్స్ రావడం, వీటిలో ఏది కనిపించినా ముందు బీపీ చూసి వెంటనే డాక్టర్‌ను పిలవాలి. "పడుకుంటే తగ్గుతోందా అమ్మా?" అన్న ఒక్క ప్రశ్నను మీ నర్సులందరికీ కన్నడ, తెలుగు, తమిళం, హిందీ భాషల్లో నేర్పండి.

ప్రొద్దుటూరు ఆడపడుచు, మారతహళ్లి

నేను వైద్యరంగం మనిషిని కాను. ఈ చర్చ చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

మూడేళ్ల కిందట బెంగళూరులోనే నాకు సిజేరియన్‌తో బాబు పుట్టాడు. నాలుగో రోజు ఇంటికి పంపారు, ఐదో రోజు పుట్టింటికి బయలుదేరాం. ఆరు గంటలకు పైగా కారు వెనక సీట్లో బాబును ఒళ్లో పెట్టుకొని కాళ్లు ముడుచుకొని కూర్చున్నాను. దారిలో బాత్‌రూమ్ కోసం దిగవలసి వస్తుందని పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు. ఇంటికి చేరిన తరువాత కూడా అంతే. పచ్చి బాలింత నీళ్లు ఎక్కువగా తాగితే పొట్ట జారుతుందని, ఒళ్లు నీరు పడుతుందని మా అమ్మ చిన్న రాగి చెంబుతో కాచిన నీళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇచ్చేది. నడికట్టు గట్టిగా కట్టి, బాత్‌రూమ్‌కు తప్ప మంచం దిగనిచ్చేది కాదు. ప్రేమతోనే చేసింది. తనకూ వాళ్ల అమ్మ అలాగే చేసిందట.

తొమ్మిదో రోజు ఎడమ తొడ లాగడం మొదలైంది. పదో రోజుకు కాలంతా బిగుసుకొని, వేళ్లతో నొక్కితే గుంట పడేది. వాతం చేసిందని అమ్మ ఆముదం కాచి రాసి రెండు పూటలా మర్దన చేసింది. కాన్పు సమయంలో రెండు కాళ్లూ వాచాయి కాబట్టి ఇదీ అలాంటిదే అనుకున్నాం. మా పిన్ని చూడటానికి వచ్చి, ఒక్క కాలే ఎందుకు వాచిందని అడిగింది. ఆ ఒక్క మాటతో కడపకు తీసుకువెళ్లారు. కాలి సిరల స్కాన్ (డాప్లర్) చేసిన డాక్టర్ గారు గజ్జ దాకా గడ్డ ఉందని చెప్పి, ఇక ఆ కాలిని ఎవరూ ముట్టుకోవద్దని, మర్దన చేస్తే గడ్డ ముక్క విడిపోయి ఊపిరితిత్తులకు చేరవచ్చని చెప్పారు. మూడు నెలలకు పైగా మందులు వాడాను. ఇప్పటికీ సాయంత్రం అయ్యేసరికి ఆ కాలు కొద్దిగా వాస్తుంది.

నా డిశ్చార్జి కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో కుట్ల గురించి, బిడ్డ టీకాల గురించి, ఐరన్ మాత్రల గురించి ఉంది. కాలు గురించి ఒక్క ముక్క లేదు. ఎవరైనా ఆ రోజు నాకు కాదు, మా అమ్మకు చెప్పి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఇంటికి వెళ్లాక నా మాట వినేవాళ్లు ఎవరు?

నర్సింగ్ ట్యూటర్, హెబ్బాళ

అమ్మా, మీరు రాసిన చివరి రెండు వాక్యాలను నా విద్యార్థినులకు చదివి వినిపిస్తాను. సిస్టర్ గారూ, మీ శిక్షణలో సగం సమయం ఈ సంభాషణకే ఇవ్వమని నా మనవి. మంచం పక్కన ఉండే బాలింత అమ్మనో అత్తగారినో కూర్చోబెట్టుకొని చెప్పడం ఒక నైపుణ్యం, సూది వేయడాన్ని సాధన చేయించినట్టే దీన్నీ సాధన చేయించాలి. మేము ఒక విద్యార్థినికి పాత చీర కట్టించి అమ్మమ్మ పాత్ర ఇస్తాం. "మా కాలంలో ఇవన్నీ లేవు, మేం కనలేదా?" అని ఆమె అడుగుతుంది. నర్సు పాత్రధారి ఆమెను తప్పుపట్టకుండా బదులు చెప్పాలి. సాంబ్రాణి ధూపాన్నీ, కారప్పొడినీ తప్పుపట్టవలసిన పని లేదు; నీళ్లు ఆపవద్దని, కూతురిని పూటకు రెండుమూడుసార్లు ఇంట్లోనే నడిపించమని, ఒక్క కాలే వాస్తే నూనె రాయకుండా ఆసుపత్రికి తీసుకురమ్మని, ఆయాసం, ఛాతీలో పొడుపు, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం కనిపిస్తే క్షణం ఆగకుండా 108కు ఫోన్ చేయమని చెబితే చాలు. చెప్పిన తరువాత, "ఇప్పుడు మీరు నాకు చెప్పండమ్మా, ఇంట్లో ఏం చూస్తారు?" అని అడిగి ఆమె నోటితో చెప్పించుకోవాలి. పాలిచ్చే తల్లికి నీళ్లు తగ్గిస్తే పాలు తగ్గుతాయేమోనన్న భయం అమ్మమ్మలకు సహజంగానే ఉంటుంది. నేను మొదట ఆ వైపు నుంచే మాట అందుకుంటాను. ఇంటికి పంపే రోజునే గర్భనిరోధక మాత్రల గురించి కూడా చెప్పాలి. మాలా-ఎన్ వంటి మాత్రల్లో ఉండే ఈస్ట్రోజెన్ గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది కాబట్టి మొదటి ఆరు వారాల్లో డాక్టర్‌ను అడగకుండా వాటిని మొదలుపెట్టకూడదు.

నిలుస్తుందా అని మీరు అడిగారు. దానికి మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి సురక్షిత కాన్పు పట్టికను కర్ణాటకలోని ఒక ప్రసూతి కేంద్రంలో ప్రయోగాత్మకంగా వాడినప్పుడు, ప్రతి కాన్పులో చేయవలసిన 29 పనుల్లో సగటున 10 మాత్రమే జరుగుతున్న చోట 25 జరిగాయి. 2012లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. తరువాత ఉత్తరప్రదేశ్‌లో 120 కేంద్రాల్లో పెద్ద అధ్యయనం చేశారు. పక్కన నిలబడి నేర్పే కోచ్‌లు వచ్చిపోతున్న రోజుల్లో, రెండు నెలలకు, చేయవలసిన పనుల్లో దాదాపు 73 శాతం జరిగాయి; కోచ్‌లు రావడం ఆగిన తరువాత, ఏడాదికి, అది 62 శాతానికి జారింది. మామూలు కేంద్రాల్లో అది 40 శాతం పైచిలుకు. అయితే తల్లుల, శిశువుల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2017లో ఆ అధ్యయనమే తేల్చింది. నేర్పడం ఒక్కటే చాలదని, నేర్పినవారు వెళ్లిపోతే నేర్పినది కూడా కొంత వెళ్లిపోతుందని నాకు దాని వల్ల తెలిసింది. అందుకే ఒక రోజు తరగతి వద్దు. షిఫ్టు మారే వేళ పది నిమిషాలు, ఒక మంచం దగ్గర, ఒక తల్లి గురించి, వారానికి మూడుసార్లు పెట్టండి. మీ ఇరవై ఇద్దరిలో నలుగురిని ఎంచి వాళ్లనే నేర్పేవాళ్లుగా తయారుచేయండి. వారానికి ఇరవై కేస్‌షీట్లు తీసి, మార్కులు వేళకు కూడారా, కూడిన దాని మీద ఏమైనా జరిగిందా, ఇంట్లోవాళ్లకు చెప్పారా అన్నది మీరే లెక్క చూడండి.

ఫిజియో, బనశంకరి

కాలి కొలత గురించి రాస్తాను. వాచినట్టుంది అని కేస్‌షీటులో రాస్తే తరువాతి షిఫ్టుకు దానితో ఉపయోగం లేదు. మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక ఉబ్బు నుంచి పది సెంటీమీటర్లు కిందికి కొలిచి, రెండు పిక్కల మీదా పెన్నుతో చిన్న గీత గీయండి. ప్రతి షిఫ్టూ అదే గీత మీద టేపు పెట్టాలి. రెండు పిక్కల మధ్య తేడా రెండు సెంటీమీటర్లకు చేరితే డాక్టర్‌కు చెప్పాలి. తేడా లేకపోయినా తొడ, గజ్జ, పొత్తికడుపు పక్కన నొప్పి అంటే తేలిగ్గా తీసుకోవద్దు, బాలింతల్లో గడ్డ పిక్కలో కాకుండా పైననే కట్టడం ఎక్కువ. పాదాన్ని పైకి వంచి పిక్క నొప్పి చూసే పాత పరీక్షను నమ్మి ఏమీ లేదని చెప్పవద్దు.

మత్తు దిగుతుండగానే పాదాలను ముందుకు వెనక్కు, గంటకు పదిసార్లు ఆడించమనాలి. లేపే ముందు మంచం మీదే కాలు నిటారుగా ఎత్తించి బలం చూడాలి. తరువాత మంచం అంచున కాళ్లు వేలాడదీసి కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి, కళ్లు తిరగడం లేదంటేనే నిలబెట్టాలి. మూత్రపు గొట్టం ఉందన్న కారణంతో రోజంతా పడుకోబెట్టడం నేను చాలా చోట్ల చూశాను. ఆ సంచిని చేత్తో పట్టుకొని కూడా నాలుగు అడుగులు వేయవచ్చు. ఇక గడ్డకట్టకుండా కాళ్లకు వేసే బిగుతు మేజోళ్లు కొలత తీసి వేస్తేనే మేలు చేస్తాయి. కొలత తప్పినవి మోకాలి కింద ముడుచుకుపోయి తాడు కట్టినట్టు బిగిస్తే, అసలు వేయకపోవడమే నయం.

కొత్త నాన్న, ఎలక్ట్రానిక్ సిటీ

నా భార్యకు పది రోజులు ఎనాక్సపారిన్ అనే హెపారిన్ జాతి ఇంజెక్షన్ రాశారు. ఆరు రోజులు ఇంట్లో వేయాలి. ఆసుపత్రిలో ఒకసారి చూపించారు కానీ కంగారులో సరిగ్గా గుర్తులేదు. పాలిచ్చే తల్లికి ఇది మంచిదేనా?

ప్రసూతి వార్డు సిస్టర్, యలహంక

బాబూ, పాలిచ్చే తల్లికి ఈ మందు వల్ల ఇబ్బంది లేదు, పాలు మాన్పించవలసిన పని లేదు. సాధారణంగా 50 నుంచి 90 కిలోల బరువు వరకు రోజుకు 40 మిల్లీగ్రాములు రాస్తారు, మీ కాగితంలో రాసిన డోసే వేయండి. రోజూ ఒకే వేళకు వేయాలి. చేతులు సబ్బుతో కడుక్కొని, ఆమెను కొద్దిగా వెనక్కు వాలి కూర్చోమనండి. బొడ్డుకు రెండంగుళాలు పక్కగా, కుట్టుకు దూరంగా, ఒక రోజు కుడి వైపు, ఒక రోజు ఎడమ వైపు వేయాలి. సిరంజిలో కనిపించే గాలి బుడగను బయటికి నెట్టవద్దు, అది ఉండవలసిందే. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని మడతగా పట్టుకొని, సూదిని నిట్టనిలువుగా పూర్తిగా దించి, మందును మెల్లగా ఎక్కించండి. సూది బయటికి తీసేదాకా మడత వదలవద్దు. తీసిన తరువాత దూదితో అద్దండి, రుద్దితే నల్లగా కములుతుంది. వాడిన సిరంజిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, చెకప్‌కు వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చేయండి. ప్యాడ్లు ఎక్కువగా తడుస్తున్నా, కుట్టు నుంచి రక్తం వస్తున్నా తరువాతి డోసు వేయకుండా వెంటనే ఫోన్ చేయండి. ఒకసారి చూపిస్తే గుర్తుండదని మీరు రాసిన మాట నాకు పనికివచ్చింది. ఇకపై ఇంట్లో వేసేవాళ్ల చేతనే మా ఎదుట రెండుసార్లు వేయించి పంపుతాం.

ప్రసూతి వార్డు సిస్టర్, యలహంక

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలు ఆగి మళ్లీ రాస్తున్నాను. స్లైడ్లు తయారుచేయలేదు. మా వైద్యులు ముగ్గురూ సూపరింటెండెంట్ గారి గదిలో కూర్చొని మార్కుల పట్టీని, మొదటి డోసు ఆదేశాన్ని ఖాయం చేశారు. రాజాజీనగర్ డాక్టర్ గారు చెప్పిన ఆపవలసిన సందర్భాలను ఆ కాగితానికి పైభాగంలోనే పెట్టించాను. ఉదయం ఏడున్నరకు షిఫ్టు మారేటప్పుడు మంచం దగ్గర పది నిమిషాల పాఠం మొదలైంది. మొదటి వారమంతా ఒక్కటే పని చేయించాను. వాచీ పట్టుకొని నిండు నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టించాను. మొదటి మూడు రోజులూ చార్టుల్లో 20 ఎక్కువగానే కనిపించింది. నాలుగో రోజు నుంచి 16, 18, 22, 17 అని అంకెలు వేరువేరుగా రావడం మొదలైంది. 22 ఉన్న ఆ తల్లికి జ్వరం మొదలవుతోందని సాయంత్రానికి తెలిసింది. గడ్డ కాదు, కానీ లెక్కపెట్టినందువల్లే ముందుగా పట్టుకున్నాం.

కొట్టాయం నుంచి వచ్చిన ఒక సిస్టర్ తెలుగు వాక్యాలను మలయాళం లిపిలో అరచేతి మీద రాసుకొని చదువుతోంది. "ఒక్క కాలే వాస్తే నూనె రాయొద్దమ్మా" అని ఆమె నిన్న చెప్పినప్పుడు మదనపల్లె నుంచి వచ్చిన అమ్మమ్మ ఒకరు ఎందుకని తిరిగి అడిగారు. ఆ ఎందుకుకు బదులు చెప్పేంత తెలుగు ఆమెకు లేక నన్ను పిలిచింది. వచ్చే వారం పాఠం దాని మీదే.

ప్రొద్దుటూరు అమ్మా, మీకు వీలైతే ఒక ఉదయం మా వార్డుకు వచ్చి మా నర్సులతో పది నిమిషాలు మాట్లాడగలరా? మీ పేరు, మీ ఆసుపత్రి పేరు ఏదీ చెప్పవలసిన అవసరం లేదు.

ప్రొద్దుటూరు ఆడపడుచు, మారతహళ్లి

తప్పకుండా వస్తాను సిస్టర్. వచ్చే గురువారం బాబును స్కూల్లో దింపి వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, ఆ వేళ మీకు కుదురుతుందేమో చెప్పండి. మా అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంది. మీరు రాసినది చదివి వినిపించాను. రాగి చెంబు సంగతి తనే చెబుతానంటోంది.